ఆఫీసర్ అవ్వాలంటే ముందు సిపాయిగా చెయ్యాలా?

విజయనగరం పక్కన కోరుకొండలో సైనిక్ స్కూల్ గేటు ఒకటుంది, శ్రీకాకుళం టౌన్లో కోడి రామ్మూర్తి స్టేడియం గేటు ఇంకోటుంది, రెండిటికీ మధ్య బస్సులో రెండు గంటల దారి. 1962లో పెట్టిన ఆ స్కూల్లోకి ఆరో క్లాసు పిల్లాడు ఎంట్రన్స్ రాసి వెళ్తాడు, ఇంటర్ అయ్యేసరికి ఎన్డీయే (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాస్తాడు, ఆఫీసర్లని ఏరే అయిదు రోజుల ఎస్సెస్బీ ఇంటర్వ్యూలు గట్టెక్కితే ఖడక్‌వాస్లాలో ఆ అకాడమీలో మూడేళ్లు, డెహ్రాడూన్ మిలటరీ అకాడమీలో ఒక ఏడాది, ఇరవై రెండేళ్లకల్లా భుజం మీద రెండు స్టార్లతో లెఫ్టినెంట్. స్టేడియం గేటు దగ్గర సంగతి వేరు. సెలెక్షన్లు పడ్డాయంటే పలాస నుంచీ పాతపట్నం నుంచీ కుర్రాళ్లు ముందురోజు రాత్రే దిగిపోయి రోడ్డు పక్కన తువ్వాలు పరుచుకుని పడుకుంటారు, తెల్లారకుండానే 1600 మీటర్ల రన్నింగ్, ఐదున్నర నిమిషాల్లో కొడితే ఫుల్ మార్కులు, ఆ తర్వాత పది పులప్స్, తొమ్మిదడుగుల గొయ్యి దూకడం, మెడికల్, దీనికి రాత పరీక్ష వేరే. అన్నీ దాటితే సిపాయి, ఇప్పుడైతే అగ్నివీర్.

ఈ రెండు గేట్లలోంచి వెళ్లినోళ్లు ఒకే ఊరోళ్లు కావచ్చు, ఒకే వీధిలో గోళీలాడుకున్నోళ్లు కూడా కావచ్చు, కానీ పదేళ్ల తర్వాత ఒకడు సెల్యూట్ కొడతాడు ఇంకొకడు తీసుకుంటాడు.

అందుకే మన వైపు రిటైరై వచ్చిన హవల్దార్లు, సుబేదార్లు నలుగురు కూర్చున్నచోట ఈ మాట వస్తూనే ఉంటాది. స్టార్లు కావాలన్నోడు ముందు రెండేళ్లో మూడేళ్లో సిపాయిగా చెయ్యాలి, లంగర్లో, అంటే జవాన్ల వంటశాల దగ్గర, అందరితోపాటు ప్లేటు పట్టుకుని నిల్చోవాలి, చలిలో రాత్రి రెండు గంటల సెంట్రీ కాయాలి, ట్రెంచి తవ్వాలి, అప్పుడే కదా వాడు ఇచ్చే ఆర్డర్‌కి బరువెంతో వాడికి తెలిసేది అని. కుళ్లుతో అంటున్న మాట అని కొట్టిపారేస్తే తప్పు, ఇందులో విషయం ఉంది, ఎంతవరకు ఉందన్నదే చూడాలి.

మన తీరం లెక్కలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుద్ది. బారువలోనో భావనపాడులోనో బోటు మీద పెద్దని తండేలు అంటారు. వల లాగకుండా, నీళ్లు తోడకుండా, సముద్రం మీద వాంతులు చేసుకోకుండా తండేలు అయినోడు ఒక్కడూ ఉండడు, ఎందుకంటే తండేలు చేసేది మిగతావాళ్లు చేసే పనే, కాస్త ముందుచూపుతో చేస్తాడు అంతే. అదే విశాఖ పోర్టుకొచ్చే పెద్ద సరుకు ఓడ కెప్టెన్ని చూడండి, అతను డెక్కు మీద తాళ్లు లాగే ఖలాసీగా ఏళ్లకేళ్లు చేసి పైకొచ్చినోడు కాదు మామూలుగా, కేడెట్‌గానే చేరి నావిగేషన్ నేర్చుకుని పరీక్షలు రాసి ఎక్కినోడు. అతనికి తాడు పని తెలియాలి నిజమే, కానీ అతని అసలు పని అది కాదు. మరి ఆర్మీ ఆఫీసర్ తండేలా, ఓడ కెప్టెనా? చిక్కేటంటే రెండూనూ. లెఫ్టినెంట్‌గా ముప్పై నలభై మందితో కొండెక్కుతున్నప్పుడు వాడు తండేలే, పాతికేళ్ల తర్వాత బ్రిగేడియర్ అయ్యి మూడు బెటాలియన్లకి రేషనూ తుపాకీ గుళ్లూ రోడ్లూ హెలికాప్టర్లూ లెక్కేసుకుంటున్నప్పుడు ఓడ కెప్టెన్. సిపాయి సర్వీసు మొదటి పనికి బాగా పనికొస్తాది, రెండోదానికి అంతగా పనికిరాదు. ఈ వాదనంతా ఎప్పుడు జరిగినా ఒకరు లెఫ్టినెంట్‌ని మనసులో పెట్టుకుని మాట్లాడతారు, ఇంకొకరు జనరల్‌ని పెట్టుకుని మాట్లాడతారు, అందుకే తెగదు.

అసలు ఆఫీసర్‌కీ సిపాయికీ మధ్య ఈ గోడ ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే ప్రతిభతో దానికి మొదట్లో సంబంధమే లేదు. ఇంగ్లాండులో 1871 దాకా పదాతి దళంలోనూ గుర్రపు దళంలోనూ ఆఫీసర్ కమిషన్‌ని, అంటే ఆఫీసర్ హోదాని, డబ్బిచ్చి కొనుక్కునేవాళ్లు, మన దగ్గర పొలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నట్టు. ఇండియాకొచ్చేసరికి డబ్బు గోడకి తోడు రంగు గోడ వచ్చింది. ఆఫీసర్ తెల్లవాడు, సిపాయి నల్లవాడు, ఇద్దరికీ భాష కలవదు, మరి మధ్యలో పని నడిచేదెలా? అందుకే జమాదార్, సుబేదార్ అని ఒక మధ్య వరస పెట్టారు, వాళ్లని వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లు అన్నారు. స్వాతంత్ర్యం తర్వాత పేరు మార్చి జేసీఓ (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్) అన్నాం, జమాదార్ని నాయబ్ సుబేదార్ అన్నాం, కానీ ఆ వరస అలాగే ఉంచాం. ఇంగ్లాండు, అమెరికా ఆర్మీల్లో ఇలాంటి వరస లేదు, ఇది మనకీ పాకిస్తాన్‌కీ బంగ్లాదేశ్‌కీ మిగిలిన పాత ఆస్తి.

ఈ వరస గురించి కాస్త ఆగి మాట్లాడుకోవాలి, ఎందుకంటే "ఆఫీసర్‌కి కింద సంగతి తెలీదు" అన్న ఫిర్యాదుకి ఆర్మీ దగ్గరున్న జవాబు ఇదే. ఇరవై రెండేళ్ల లెఫ్టినెంట్ యూనిట్‌కి వస్తాడు, వాడి ప్లాటూన్‌లో ఇరవై ఏళ్లకి పైగా సర్వీసున్న సుబేదార్ ఉంటాడు, లెఫ్టినెంట్ ఆయన్ని "సాబ్" అంటాడు, ఆయన లెఫ్టినెంట్‌ని "సర్" అంటాడు, ఇద్దరికీ తెలుసు ఎవరు ఎవరికి నేర్పుతున్నారో. కుర్రాడు తెలివైనోడైతే మొదటి ఏడాది నోరు మూసుకుని ఆయన దగ్గర నేర్చుకుంటాడు. చాలా బెటాలియన్లలో ఇంకో అలవాటు కూడా ఉంది, కొత్తగా వచ్చిన ఆఫీసర్ని కొన్ని వారాలు జవాన్ల బ్యారక్‌లోనే పడుకోబెట్టి, లంగర్ తిండే పెట్టి, వాళ్లతోపాటు గార్డు డ్యూటీ కూడా చేయిస్తారు. అంటే మన హవల్దార్లు అడుగుతున్నది బొత్తిగా లేకపోలేదు, మూడేళ్ల బదులు కొన్ని వారాలుంది. అది చాలదు అంటే ఒప్పుకోవచ్చు. కొన్ని వారాల తర్వాత తిరిగి ఆఫీసర్ల మెస్సుకి వెళ్లిపోతానని తెలిసినోడి చలి వేరు, పదిహేడేళ్లు ఇదే అని తెలిసినోడి చలి వేరు.

సిపాయిల్లోంచి ఆఫీసర్లని తీసుకోవడం మనకి కొత్త ఆలోచన కూడా కాదు. 1932లో డెహ్రాడూన్‌లో ఇండియన్ మిలటరీ అకాడమీ తెరిచినప్పుడు మొదటి బ్యాచ్ 40 సీట్లలో 15 ఓపెన్ పోటీ పరీక్షకి, 15 ఆర్మీలో పనిచేస్తున్న జవాన్లకి, 10 సంస్థానాల సైన్యాలకి ఇచ్చారు. చూడండి, తెల్లోడి టైములోనే మూడో వంతుకి పైగా సీట్లు కిందినుంచి వచ్చేవాళ్లకి. ఆ బ్యాచ్‌లోనే ఓపెన్ పరీక్షలో వచ్చి తర్వాత ఫీల్డ్ మార్షల్ అయిన సామ్ మానెక్‌షా ఉన్నాడు, 1926లో మామూలు జవానుగా చేరి పైకొచ్చిన మహమ్మద్ మూసా కూడా ఉన్నాడు. దేశ విభజన తర్వాత మూసా అటెళ్లాడు, 1965 యుద్ధం వచ్చేసరికి పాకిస్తాన్ ఆర్మీకి అధిపతి ఆయనే. ఇటువైపు అధిపతి జనరల్ చౌదరి, ఇంగ్లాండులో శాండ్‌హర్స్ట్ మిలటరీ అకాడమీలో చదివి నేరుగా ఆఫీసరైన మనిషి. కిందినుంచి వచ్చినోడే గొప్ప అనేవాళ్లు 1965 చూపించి గెలవలేరు, అకాడమీయే గొప్ప అనేవాళ్లు కూడా మూసాని చూపించి ఆయన పనికిరాలేదు అనలేరు, యుద్ధం ఫలితం ఒక మనిషి మొదటి ఉద్యోగం మీద ఆధారపడదు. ఇలాంటి ఉదాహరణలు వెతికితే ఎన్నైనా దొరుకుతాయి. 1877లో మామూలు సిపాయిగా చేరిన విలియం రాబర్ట్‌సన్ 1920కి బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, ఆ ఆర్మీ చరిత్ర మొత్తంలో అలా అట్టడుగు మెట్టు నుంచి అన్నిటికంటే పై మెట్టుకి ఎక్కింది ఆయనొక్కడే. అమెరికాలో జాన్ వెస్సీ కింది ర్యాంకుల్లో ఉండగా 1944లో ఇటలీ యుద్ధభూమిలోనే కమిషన్ తీసుకుని 1982లో మొత్తం బలగాల పెద్ద అయ్యాడు. వీళ్లని చూస్తే కిందినుంచి వచ్చినోడు పైదాకా నడపగలడని తెలుస్తాది గానీ, ప్రతివాడూ కిందినుంచే రావాలని మాత్రం తేలదు.

ప్రతివాడూ కిందినుంచే రావాలి అని నిజంగా పెట్టుకున్న దేశం కావాలంటే ఇజ్రాయెల్‌ని చూడాలి. అక్కడ నేరుగా ఆఫీసర్ అయ్యే దారి మామూలుగా ఉండదు, అందరూ సైనికులుగా చేరతారు, అందులో బాగా చేసినోళ్లని ఏరి ఆఫీసర్ కోర్సుకి పంపుతారు, ఇరవై ఇరవై ఒకటికల్లా లెఫ్టినెంట్లు అయిపోతారు. బాగానే ఉంది, మనమూ పెట్టుకోవచ్చు కదా అంటే ఒక తేడా ఉంది. అక్కడ పద్దెనిమిదేళ్లకి సైన్యం సర్వీసు చట్టం ప్రకారం ఎక్కువమందికి తప్పనిసరి, డాక్టర్ కొడుకూ వస్తాడు, డ్రైవర్ కొడుకూ వస్తాడు, కాబోయే ఇంజనీరూ వస్తాడు, అందరూ ఒకే బ్యారక్‌లో ఉంటారు కాబట్టి ఎవరిని ఏరుకున్నా దాదాపు ఆ దేశం మొత్తంలోంచి ఏరుకున్నట్టే. మన దగ్గర ఇష్టమున్నోడే వస్తాడు. మూడేళ్లు సిపాయిగా చేస్తేనే ఆఫీసర్ అంటే, విజయనగరంలో ఇంజనీరింగ్ చదివి క్యాంపస్‌లో జాబ్ చేతిలో ఉన్న కుర్రాడు సీడీఎస్ (డిగ్రీ తర్వాత ఆఫీసర్ కోసం రాసే పరీక్ష) ఫారం నింపుతాడా? పోతేపోనీ అని కొందరంటారు, అలాంటోడు మనకొద్దు అని. ఆ మాట వినడానికి బాగుంటాది, కానీ ఇప్పటికే కెప్టెన్, మేజర్ ర్యాంకుల్లో ఆర్మీకి ఆఫీసర్ల కొరత వేలల్లో ఉంది.

ఇంకోటి వయసు లెక్క, దీన్ని దాటేసి ఎవరూ మాట్లాడకూడదు. కార్గిల్ తర్వాత తేలిన సంగతుల్లో ఒకటి బెటాలియన్ కమాండ్ చేసే ఆఫీసర్ల వయసు ఎక్కువైపోతోందని, పదిహేను పదహారు వేల అడుగుల ఎత్తు మీద కమాండింగ్ ఆఫీసర్ కూడా ఊపిరి పట్టి నడవాలి కదా. అందుకే అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ వేసి ప్రమోషన్లు ముందుకి జరిపారు, రెండేళ్లకి కెప్టెన్, ఆరేళ్లకి మేజర్, పదమూడేళ్లకి లెఫ్టినెంట్ కల్నల్. ఎన్డీయే కుర్రాడు 22కి చేరితే 35కి లెఫ్టినెంట్ కల్నల్, ఆ తర్వాత మూడు నాలుగేళ్లకి బెటాలియన్. ఇప్పుడు మన హవల్దార్ గారి రూల్ పెట్టండి, పద్దెనిమిదిన్నరకి చేరి మూడేళ్లు సిపాయి, తర్వాత అకాడమీ నాలుగేళ్లు, దాదాపు 26కి లెఫ్టినెంట్, 39కి లెఫ్టినెంట్ కల్నల్, బెటాలియన్ చేతికొచ్చేసరికి 42, 43. కార్గిల్ తర్వాత కష్టపడి తగ్గించిన వయసుని మళ్లీ అక్కడికే తీసుకెళ్లి పెట్టినట్టు. అకాడమీ కోర్సు కుదించొచ్చు అంటే కుదించొచ్చు, కానీ డిగ్రీ వద్దా, వ్యూహాలూ మ్యాపులూ ఆర్టిలరీ లెక్కలూ ఎప్పుడు చెప్పాలి?

అయినా "కింద పనిచెయ్యకపోతే సిపాయి బాధ తెలీదు" అన్నమాట అంత గట్టిది కాదు. కోరుకొండలోనే చదివిన కల్నల్ సంతోష్ బాబు, సూర్యాపేట మనిషి, ఎన్డీయే నుంచి వెళ్లినోడు, సిపాయిగా ఒక్కరోజు చెయ్యలేదు, 2020 జూన్ 15 రాత్రి చైనా సరిహద్దు దగ్గర గల్వాన్‌లో కమాండింగ్ ఆఫీసర్‌గా తన జవాన్ల మధ్యే ఉన్నాడు, ఆ రాత్రి మనవాళ్లు 20 మంది పోయారు, అందులో ఆయనొకడు. కార్గిల్‌లో నాలుగు పరమవీర చక్రలు ఇస్తే రెండు ఆఫీసర్లకి, బత్రా, మనోజ్ పాండే, రెండు జవాన్లకి, యోగేంద్ర యాదవ్, సంజయ్ కుమార్. బుల్లెట్ దగ్గర తేడా ఏమీ కనపడలేదు.

తేడా కనపడేది మామూలు రోజుల్లో. మిలటరీ సర్వీస్ పే అని ఒకటుంది, సైన్యం ఉద్యోగంలో ఉండే కష్టానికీ ప్రమాదానికీ ఇచ్చేది, అది ఆఫీసర్‌కి నెలకి 15,500, జవానుకీ జేసీఓకీ 5,200. జీతంలో తేడా అంటే బాధ్యతకి అనుకోవచ్చు, బేసిక్ 21,700కీ 56,100కీ తేడా ఉందంటే చదువుకీ పనికీ అనుకోవచ్చు, కానీ ప్రమాదానికి ఇచ్చే దాంట్లో మూడింతల తేడా ఏటి అని జవాన్లు అడిగితే నీళ్లు నమలడం తప్ప గట్టి జవాబు కనపడదు. సహాయక్ సంగతి ఇంకోటి, ఆఫీసర్ యూనిఫాం, ఆయుధం చూసుకోవాల్సిన జవాను చేత ఇంట్లో కూరగాయలు తెప్పించడం, కుక్కని తిప్పించడం, దీని మీద గొడవ చాలాసార్లు బయటికొచ్చింది. ఆఫీసర్లందరూ ముందు సిపాయిలుగా చేస్తే ఇవన్నీ పోతాయని నమ్మేవాళ్లు ఒకసారి మన ఇళ్లల్లోకి చూసుకోవాలి. ప్రతి అత్తా ఒకప్పుడు కోడలే. తను పడ్డ బాధ గుర్తుపెట్టుకుని కోడల్ని కూతురిలా చూసే అత్తలూ ఉన్నారు, నేను పడలేదా ఏటి నువ్వూ పడు అనే అత్తలే ఎక్కువున్నారు. సిపాయిగా చేసినంత మాత్రాన మెత్తబడతాడని లేదు, ఇంకా గట్టిపడేవాళ్లూ ఉంటారు, పైగా వాడికి జవాన్ల సాకులన్నీ ముందే తెలుసు కాబట్టి తప్పించుకోవడం కూడా కష్టం.

కాబట్టి అందరికీ తప్పనిసరి అన్న రూల్ నిలబడదు. కానీ ఆ కోపం ఎక్కడినుంచి వస్తోందో చూస్తే వేరే ప్రశ్న ఉంది, అది నిలబడతాది. సిపాయిగా చెయ్యనోడు ఆఫీసర్ ఎందుకవుతున్నాడు అన్నది పక్కనపెట్టండి, ఆఫీసర్ అవ్వగలిగిన సిపాయి ఎందుకు అవ్వలేకపోతున్నాడు?

దారి లేదా అంటే ఉంది. ఆర్మీ కేడెట్ కాలేజ్ అని, ఏసీసీ అంటారు, 1929లో నౌగాంగ్‌లో కిచెనర్ కాలేజ్‌గా మొదలైంది, 1960లో ఈ పేరు పెట్టారు, 1977లో డెహ్రాడూన్‌కి మార్చారు. ఇంటర్ పాసై, కనీసం రెండేళ్ల సర్వీసుండి, 20 నుంచి 27 ఏళ్ల మధ్య ఉన్న జవాను పరీక్ష రాయొచ్చు, తర్వాత అందరికీ ఉండే ఎస్సెస్బీయే, నెగ్గితే మూడేళ్లు చదివించి జేఎన్‌యూ డిగ్రీ ఇప్పిస్తారు, ఆపైన అక్కడే ఇండియన్ మిలటరీ అకాడమీలో ఏడాది, బయటికొస్తే మామూలు లెఫ్టినెంట్. వయసు దాటినోళ్లకి స్పెషల్ కమిషన్ దారి ఇంకోటుంది, అదీ దాటినోళ్లకి స్పెషల్ లిస్ట్. నేవీలో కూడా ఇలాంటివి ఉన్నాయి. కాగితం మీద చూస్తే తలుపు తెరిచే ఉంది.

మరి మన జిల్లా కుర్రాడు ఆ తలుపు దాకా ఎందుకు వెళ్లడు? మొదటి అడ్డం ఇంగ్లీషు. టెక్కలి దగ్గర గవర్నమెంటు స్కూల్లో తెలుగు మీడియం చదివి, ఇంటర్ ఎలాగో గట్టెక్కి, రోజూ తెల్లారి నాలుగింటికి లేచి రోడ్డు మీద పరిగెత్తినోడికి కాళ్లు సిద్ధంగా ఉంటాయి, ఇంగ్లీషు ఉండదు. యూనిట్లో చేరాక హిందీ ఆర్నెల్లలో పట్టేస్తాడు, మనోళ్లకి అదేం కష్టం కాదు, కానీ ఏసీసీ పేపర్, ఎస్సెస్బీలో గ్రూప్ డిస్కషన్, అక్కడ కథ రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం వేరే సంగతి. కోరుకొండ పిల్లాడికి ఏడేళ్లపాటు హాస్టల్లో నేర్పిన మాట తీరు ఇతను గార్డు డ్యూటీకీ పీటీకీ మధ్య దొరికిన గంటలో నేర్చుకోవాలి. ఎస్సెస్బీ వాళ్లు కావాలని చిన్నచూపు చూస్తారని ఇక్కడ చెప్పడం లేదు, వాళ్లు వెతికే ధీమా, చొరవ అన్నవి ఎక్కువసార్లు మాట రూపంలోనే కనపడతాయి, అంతే.

రెండో అడ్డం ఇల్లు. ఇరవై మూడేళ్లొచ్చేసరికి అక్క పెళ్లి అప్పు, ఇంటి స్లాబు, ఆ తర్వాత తన పెళ్లి. నెలనెలా డబ్బు పంపాల్సినోడికి నాలుగేళ్లు మళ్లీ పుస్తకాలు పట్టుకోవడం అంటే జీతం ఆగకపోయినా ధైర్యం కావాలి, ఫెయిలైతే యూనిట్లో తోటివాళ్ల నవ్వులు వేరే. మూడోది చెప్పేవాళ్లు లేకపోవడం. మన ఊళ్లల్లో డిఫెన్స్ కోచింగ్ అంటే రన్నింగూ, లెక్కలూ, జీకే. సిపాయి అయ్యాక ఇంకో మెట్టుందని చెప్పే మనిషి అరుదు, చెప్పాల్సిన పెద్దాయన కూడా ఇరవై ఎనిమిదేళ్లు చేసి ఆగస్టు 15కో జనవరి 26కో వచ్చే హానరరీ కెప్టెన్సీతోనే సంతోషపడి ఊరొచ్చినోడు. ఆ గౌరవం చిన్నదేం కాదు, సియాచిన్ వీరుడు బానా సింగ్ కూడా హానరరీ కెప్టెన్‌గానే రిటైరయ్యాడు, కానీ ఆలోచిస్తే అందులో ఒక చేదు ఉంది, నీకు స్టార్లు పెట్టుకునే అర్హత ఉందని సర్వీసు అయిపోయే ముందు చెప్పడమేంటి?

పోలీసు డిపార్టుమెంటులో ఇదే లెక్క వేరేలా నడుస్తాది. మన దగ్గర కానిస్టేబుల్, ఎస్సై, గ్రూప్-1లో వచ్చే డీఎస్పీ, ఐపీఎస్ అని నాలుగు తలుపులు, కానిస్టేబుల్‌గా చేస్తూనే ఎస్సై పరీక్ష రాసి నెగ్గినోళ్లు మన రెండు జిల్లాల్లోనూ కనపడతారు, రోజూ కళ్లెదురుగా ఉంటారు కాబట్టి పక్క కానిస్టేబుల్‌కి కూడా ఆశ పుడతాది. ఆర్మీలో అలా ఎక్కినోడు ఎక్కడో జోర్హాట్‌లోనో జోధ్‌పూర్‌లోనో ఉంటాడు, వీధిలో కుర్రాళ్లకి కనపడడు.

2022 జూన్‌లో అగ్నివీర్లని తీసుకునే అగ్నిపథ్ స్కీము వచ్చాక ఈ ప్రశ్నకి కొత్త మలుపొచ్చింది. స్కీము ప్రకటించినప్పుడు పెట్టిన వయసు పదిహేడున్నర నుంచి ఇరవై ఒకటి, సర్వీసు నాలుగేళ్లు, చివర్లో 25 శాతం దాకా ఉంచుకుంటారు, మిగతావాళ్లకి 11.71 లక్షల సేవానిధి ఇచ్చి ఇంటికి పంపుతారు. ఈ స్కీము మీద మన జిల్లాల్లో ఉన్న కోపం తెలిసిందే, పెన్షన్ లేని మిలట్రీ ఉద్యోగం ఏటి అని, ఆ కోపం సరైనదే. కానీ ఆఫీసర్ల విషయం వరకు చూస్తే, తెలిసి చేశారో తెలీక చేశారో గానీ, ఇజ్రాయెల్ దగ్గరున్న సరుకులో సగం ఇప్పుడు మన దగ్గరా తయారవుతోంది. నాలుగేళ్లు కింద పనిచేసి, ఆర్మీ తన కళ్లతో నాలుగేళ్లు చూసి, మార్కులేసి, ఏరుకున్న 21 నుంచి 25 ఏళ్ల మధ్య కుర్రాళ్లు. ఎస్సెస్బీ అయిదు రోజుల్లో ఊహించేదాన్ని ఇక్కడ నాలుగేళ్లు చూసేశారు. ఎవర్ని ఉంచాలి అని ఎలాగూ కూర్చుంటున్నారు కాబట్టి అదే బల్ల మీద ఎవర్ని అకాడమీకి పంపాలి అన్నది కూడా పెట్టొచ్చు. డిగ్రీని సర్వీసులో ఉండగానే దూరవిద్యలో మొదలుపెట్టించి, అకాడమీ ఏడాదిన్నరకి కుదిస్తే చిన్న వయసులోనే చేరినోడు 24కి లెఫ్టినెంట్, పైన చెప్పుకున్న వయసు గొడవ చాలావరకు పోతాది. 1932లో 40కి 15 సీట్లు ఇచ్చినట్టు ఇందులోనూ ఒక వాటా రాసి పెడితే, మిగతా సీట్లు కోరుకొండ పిల్లలకీ సీడీఎస్ వాళ్లకీ ఉండనే ఉంటాయి.

వీటన్నిటికంటే ముందు కావాల్సింది మాత్రం చిన్నది, ఖర్చు లేనిది. అగ్నివీర్‌గా చేరిన మొదటి నెలలోనే రైఫిల్‌తోపాటు ఇంగ్లీషు పుస్తకం కూడా ఇవ్వాలి, వారానికి నాలుగు గంటలు క్లాసు డ్యూటీ లెక్కలోనే రాయాలి. పీటీ మానేస్తే పనిష్‌మెంట్ ఎలా ఉంటాదో ఆ క్లాసు మానేసినా అలాగే ఉండాలి.